ఈ మనిషి లేకుంటే ఇంకా బాగుండు

ఎవరైనా ఒక ఫోటో చేతిలోకి తీసుకుని "బాగుంది" అంటే నేను వెంటనే సంతోషపడను. కాసేపు ఆగుతాను. ఆ మాట వెనకాల ఇంకో మాట వస్తుందేమోనని చూస్తాను. ఈ అలవాటు నాకు మా ఓవర్సీరు వల్ల పట్టుకుంది. ఆయన పోయినా ఇది పోలేదు.

ఎవరి ఫోటో చూసినా ఆయన దగ్గర రెండే ముక్కలు. మొదటిది "బాగుంది." ఆ తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోటోను ముక్కుకు తగిలేంత దగ్గరగా తెచ్చుకుని, చూపుడు వేలి గోటితో అందులో ఉన్న మనిషిని తాకి, "ఈ మనిషి లేకుంటే ఇంకా బాగుండు" అనేవాడు. ఆ మనిషి ఎవరన్నది ఆయనకు లెక్కలేదు. మా డాక్టరు ఒకసారి వాళ్ళ మామగారి ఫోటో తీసుకొచ్చి చూపించాడు. పట్టు తలపాగా, కుర్చీ, చేతికర్ర, పక్కన పూలకుండీ. ఓవర్సీరు చాలాసేపు చూసి, "పూలకుండీ శానా బాగొచ్చిందప్పా. ఈ మనిషి లేకుంటే ఇంకా బాగుండు" అన్నాడు. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు, ఇంట్లో తనకూ అప్పుడప్పుడూ అదే అనిపిస్తుందని.

ఓవర్సీరు పేరు రాయడం లేదు. రాస్తే దాన్ని కూడా గోటితో తాకి, ఇది లేకుంటే ఇంకా బాగుండు అంటాడని అనుమానం.

మేము నలుగురం. నేను కర్నూలులో బడిపంతుల్ని. ఒకాయన డాక్టరు. ఒకాయన అత్తరు దుకాణం సాయిబు. నాలుగో ఆయన కాలవ ఓవర్సీరు. కర్నూలు నుంచి కడప దాకా పోయే కాలవలో కొంత దూరం ఆయన అజమాయిషీలో ఉండేది. సైకిలు మీద గట్టు వెంబడి తిరుగుతూ తూములూ లాకులూ చూసుకోవడం, నీళ్ళ తగాదాలు తీర్చడం ఆయన ఉద్యోగం. ఫోటోలు తీయడం మాలో ఎవరికీ కూడు పెట్టే విద్య కాదు. ఉన్న కూడును కాస్త కాస్తగా తినేసే విద్య.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సాయిబు దుకాణం పైగదిలో చేరేవాళ్ళం. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక తాడు కట్టి ఉండేది. ఎవరి ఫోటోలు వాళ్ళు ఆ తాడుకు తగిలించాలి. ఒకరు తగిలిస్తున్నంతసేపు మిగిలిన ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడాలి. తెల్ల గడ్డం సాయిబూ, కోటు వేసుకున్న డాక్టరూ, నేనూ అలా గోడకు మొహం పెట్టి నిలబడడం ఎవరైనా చూస్తే మమ్మల్ని ఎవరో పంతులు దండించాడనుకునేవాళ్ళు. ఎవరిది ఏదో చెప్పకూడదు. ముందు మంచి చెప్పాలి, తర్వాతే తప్పు చెప్పాలి. తీసినవాడు నోరు మెదపకూడదు. ఈ నియమాలన్నీ సాయిబువే. చివరికి అందరికీ నచ్చిన ఫోటో ఏదో తేలాక, "ఎవరిది భాయ్?" అని అడిగి, ఆ తీసినవాడి మణికట్టు మీద ఆయన అత్తరు చుక్క అద్దేవాడు. మా బహుమానం అదే. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవురి పెండ్లికి పోయినావురా?" అనేది. వాసన లేకపోతే అసలు ఏమీ అడిగేది కాదు. అన్నం పెట్టేది.

ఓవర్సీరు ఫోటోలు ఎవరివో దాచాల్సిన పనే లేదు. తాడు మీద మనిషి లేని ఫోటో ఏదైనా ఉంటే అది ఆయనది. ఖాళీ లాకు గోడ. ఖాళీ నులకమంచం. సంత అయిపోయాక మైదానం. తుంగభద్ర ఇసుకలో ఎవరో దిగవిడిచిన చెప్పులు. మనుషులు లేని చోట్లు వెతుక్కునేవాడనుకుంటే పొరపాటు. మనుషులున్న చోటికే పోయి, కెమెరా నిలబెట్టి, వాళ్ళు పోయేదాకా కాచుకునేవాడు. పొమ్మని మాత్రం ఎవర్నీ అనేవాడు కాదు.

ఒక చలికాలం నేనూ ఆయన వెంట కాలవ గట్టు మీద పోయాను. లాకు గోడ మీద ఒక పెద్దాయన బీడీ కాల్చుకుంటూ కూచుని ఉన్నాడు. ఓవర్సీరు ముక్కాలి పీట మీద కెమెరా నిలబెట్టి, పోయి ఆ పెద్దాయన పక్కనే కూచున్నాడు. వానల గురించి మాట్లాడాడు. పత్తి ధర గురించి మాట్లాడాడు. నేను ఎండలో నిలబడి చూస్తున్నాను. గోడ మీద వెలుతురు జరిగిపోతూనే ఉంది, పెద్దాయన మాత్రం కదలడు. చివరికి ఓవర్సీరే అడిగాడు.

"ఏం పెద్దాయనా, ఇయ్యాల పనేమీ లేదా?"

"ఎందుకు లేదు సామీ, ఉండాది. ఫోటో తీస్తావేమోనని కూచున్యా. తీసేదుంటే బిన్నా తీయి."

"నువ్వు లేచిపోతే తీద్దామని నేను కూచున్యా."

పెద్దాయన బీడీ నోట్లోంచి తీసి ఈయన్ని ఎగాదిగా చూశాడు. "నన్ను తీయకుండా ఈ రాళ్ళను తీస్తావా? ఈ రాళ్ళు యాడికి పోతాయి సామీ? రేపూ ఈడనే ఉంటాయి. నేనుంటానా?" అని బీడీ గోడకు నలిపి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఓవర్సీరు కెమెరా నల్లగుడ్డ కింద దూరి ఆ గోడనే తీశాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడే తప్ప ఎక్కలేదు.

ఆ ఆదివారం అది తాడు మీద కనిపించింది. గోడ, గోడ మీద నలిపిన బీడీ ముక్క. సాయిబు చూసి, "ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టుండాది" అన్నాడు. ఓవర్సీరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ రోజు అత్తరు ఆయనకే దక్కింది.

ఎందుకిలా తీస్తారని నేను ఎన్నోసార్లు అడిగాను. ఒకసారి "మనుషులు కదుల్తారప్పా, బొమ్మ చెదురుతాది" అన్నాడు. ఇంకోసారి "మనిషిని తీస్తే వానికొక కాపీ ఇయ్యాల, యాడ్నుంచి తెచ్చేది?" అన్నాడు. మరోసారి "రోజంతా నీళ్ళకాడ కొట్లాడే మొహాలు జూస్తాండా. ఆదివారం కూడా అవే జూడల్నా?" అన్నాడు. మూడూ నిజమే కావచ్చు. మూడూ కాకపోవచ్చు కూడా. ఆయన చెప్పేటప్పుడు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఎంత నిజాన్నైనా నమ్మబుద్ధి కాదు.

మా ఇద్దరికీ కలిపి ఒకటే కెమెరా. ఒకరే కొనుక్కునే తాహతు ఇద్దరికీ లేదు. ఒక వారం ఆయన దగ్గర, ఒక వారం నా దగ్గర. ఆదివారం సాయిబు గదిలో చేతులు మారేది. అప్పట్లో గాజు ప్లేట్లు. వెలుతురు తగలకుండా చెక్క చట్రంలో బిగించి ఉండేవి. బయటినుంచి చూస్తే తీసిన ప్లేటు ఏదో, తీయనిది ఏదో తెలియదు. అందుకని మేమొక ఒప్పందం చేసుకున్నాం. తీసిన ప్లేటు చట్రానికి ఎర్రదారం చుట్టాలి. మొలతాళ్ళు అమ్మేవాళ్ళ దగ్గర దొరికే మామూలు ఎర్రదారం. చుట్టినవి ఆయన కల్లూరులో తన ఇంటి చీకటి కొట్లో కడిగి, ఆదివారానికి ఫోటోలు చేసి తెచ్చేవాడు. మేమెవరమూ ఆ ఇంట్లోకి పోలేదు. ఆయన పిలిచేవాడు కాదు. ఒకటి రెండుసార్లు నేను గుమ్మం దాకా పోతే, బయటికే వచ్చి మాట్లాడి పంపించాడు.

ఇక మా అమ్మ సంగతి. ఫోటో దిగితే ఆయుస్సు తరుగుతుందని ఆమె నమ్మకం. కొడుకు ఊళ్ళో వాళ్ళందరినీ తీస్తున్నాడు, తల్లిని మాత్రం తీయలేకపోయాడు. బతిమాలాను, అలిగాను, లాభం లేకపోయింది. అలాంటిది ఒక ఆదివారం పొద్దున ఆమే నా దగ్గరికి వచ్చింది.

"ఈ నడుమ నీ చెయ్యి వాసన రావడం లేదేమిరా?"

"నా ఫోటోలు ఎవరికీ నచ్చడం లేదమ్మా."

"సరే, నన్ను తీయి. నేను కూచుంటా" అంది.

నా కాళ్ళు నేల మీద ఆగలేదు. వీధి గుమ్మంలో కెమెరా నిలబెట్టేసరికి, ఆమె లోపలికి పోయి గుప్పిట్లో ఉప్పూ ఎండు మిరపకాయలూ పట్టుకొచ్చింది. నాకు దిష్టి తీస్తుందేమో అనుకున్నాను. నన్ను పక్కకు తోసి, కెమెరా చుట్టూ తిప్పింది. మూడు కాళ్ళూ వదలకుండా, పైనుంచి కిందిదాకా.

"దానికెందుకమ్మా దిష్టి?"

"అది ఒంటికన్నుది గదరా. ఊర్లో అందుర్నీ జూస్తాది, అందురూ దాన్నే జూస్తారు. దానికి తగలకుండా ఉంటాదా?"

తీసుకుపోయి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇద్దరమూ దగ్గాము. ఘాటు వచ్చిందంటే దిష్టి లేదని ఆమె లెక్క. తర్వాత వచ్చి గుమ్మంలో కూచుని, కొంగు అంచు పళ్ళ మధ్య పట్టుకుని, "ఇంక కానీ" అంది. తీశాను. ఒకటే ప్లేటు. దారం చుట్టాను. చుట్టాననే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను.

ఆ మధ్యాహ్నమే కెమెరా చేతులు మారే రోజు. ప్లేటుతో సహా ఓవర్సీరుకు ఇచ్చి, దిష్టి కథ చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇంకొకతూరి చెప్పప్పా, మీ అమ్మ ఏమన్నదీ?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒంటికన్నుది అన్న దగ్గర ఆపించి, ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం గోడకు మొహం పెట్టి, ఎప్పుడు తిరగమంటారా అని నిలబడ్డాను. తిరిగి చూశాను. తాడు మీద ఒక వాకిలి. కడప బండలు పరిచిన మెట్లు, రెండు పక్కలా అరుగులు, మధ్యలో బార్లా తెరిచిన తలుపులు, లోపల చీకటి. ఎప్పటిలాగే ఓవర్సీరు తీసిన ఖాళీ వాకిలే. అయితే ఆ చీకట్లో మా అమ్మ కూచుని ఉంది. కొంగు పళ్ళతో పట్టుకుని. మొహం స్పష్టంగా ఉంది. నడుము కిందికి వచ్చేసరికి చీరలోంచి మెట్ల బండలు కనిపిస్తున్నాయి.

"ఒకే ప్లేటు మీద రెండుసార్లు తీశారయ్యా" అన్నాడు డాక్టరు. "దీనమ్మా, దయ్యంలా వచ్చింది."

సాయిబు దగ్గరికి పోయి చూశాడు. "దయ్యం కాదు డాక్టర్‌సాబ్. ఎవరి ఇంట్లోనో ఎవరో పెద్దామె వచ్చి కూచునింది, అంతే. మాషా అల్లా, ఎంత బాగ కూచునింది!"

అప్పుడు ఓవర్సీరు వంతు వచ్చింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు. ముక్కు ఆనేంత దగ్గరికి పోయాడు. "బాగుంది" అన్నాడు. చూపుడు వేలు లేచింది. మేమందరం రెండో ముక్క కోసం చూస్తున్నాం. వేలు గాలిలోనే ఆగి, కిందికి దిగిపోయింది.

"తర్వాత?" అన్నాడు సాయిబు.

"అంతే" అన్నాడు ఓవర్సీరు.

నలుగురికీ నచ్చిన ఫోటో అదేనని తేలిపోయింది. సాయిబు అత్తరు సీసా తీసి, ఎవరిదని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. "నాది కాదు. నేను మా అమ్మను మా గుమ్మంలో తీశాను. ఈ ఇల్లెవరిదో నాకు తెలియదు" అన్నాను. ఓవర్సీరు కూడా "నాది కాదప్పా. అది మా కోయిలకుంట్ల ఇంటి వాకిలి. పనిమీద ఆ పక్క పోయి తీసుకొచ్చినా. నేను ఎవురూ లేని వాకిలి తీసినా. ఆయమ్మను తెచ్చింది మేష్టరు" అన్నాడు. సాయిబు మా ఇద్దరినీ చూశాడు. సగం చుక్క నా మణికట్టుకు, సగం చుక్క ఆయన మణికట్టుకు అద్దాడు.

"ఎర్రదారం ఏమైంది?" అని అడిగాను. దారం లేదన్నాడు. ఉన్నిందేమో, జారిపోయిందేమో అన్నాడు. మళ్ళీ అడిగితే ఇంట్లో పూలు కట్టడానికి తీసుకున్నారేమో అన్నాడు. "నువ్వు చుట్టినావా మేష్టరూ, బాగ గ్యాపకముందా?" అని నన్నే తిరిగి అడిగాడు. చుట్టాననే అన్నాను. అంటున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆ పొద్దున ఉన్న సంతోషంలో నేనేం చేశానో నాకే సరిగా గుర్తులేదు. ఆ అనుమానం కోపాన్ని ఇంకా పెంచింది. "ఆ దయ్యాన్ని నా కళ్ళముందు నుంచి తీసేయండి" అన్నాను. ఆయన ఆ ఫోటోను కాగితంలో చుట్టి, మెల్లగా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి పోయేసరికి మా అమ్మ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "వచ్చింది గదా! నేను చెప్పలేదా? యాడ నా ఫోటో?"

"చెడిపోయిందమ్మా."

"చెడిపోతే అత్తరెందుకు పూసినారు?"

ఇంకో ప్లేటు తీస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "దిష్టి తీసినా చెడిపోయిందంటే దానికి నేను పడలేదురా. వద్దులే" అనేసింది. మరుసటేడు వానల్లో ఆమె జ్వరంతో చనిపోయింది.

అప్పుడు తెలిసివచ్చింది నాకు. ఊళ్ళో వాళ్ళ మొహాలన్నీ నా పెట్టెలో ఉన్నాయి, మా అమ్మ మొహం లేదు. దయ్యమైనా సరే, నాకు ఆ ఫోటో కావాలి. ఓవర్సీరును అడిగాను. "వెతుకుతాండాప్పా" అన్నాడు. మళ్ళీ అడిగాను. ప్లేటు పగిలిపోయిందన్నాడు. ఫోటో ఏదీ అంటే, డాక్టరు తీసుకున్నాడేమో అన్నాడు. డాక్టరు తీసుకోలేదు. ఇంకోసారి అడిగితే "పోయింది పోయింది, ఇంగ వదిలేయప్పా" అని నవ్వాడు. తల్లి ఫోటో అడిగితే నవ్వే మనిషిని ఏమనుకోవాలి? ఇక ఈయనతో మాట్లాడకూడదనుకున్నాను. కానీ ఆదివారం రాగానే నా కాళ్ళు సాయిబు గదికే పోయేవి. కెమెరా ఆయనకు ఇచ్చేవాణ్ణి, ఆయన దగ్గర తీసుకునేవాణ్ణి. దారం చుట్టేవాణ్ణి. ఆయన మీద నాకు కోపం ఉందో, పోయిందో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. ఉందనుకున్న రోజున ఆయన పక్కన కూచుని నవ్వేవాణ్ణి. పోయిందనుకున్న రోజున ఇంటికొచ్చి తిట్టుకునేవాణ్ణి.

యుద్ధం వచ్చింది. ప్లేట్లు దొరకడం కష్టమైంది. తాడు మీద పాత ఫోటోలే మళ్ళీ మళ్ళీ తగిలించుకుని, మళ్ళీ మళ్ళీ తప్పులు పట్టుకునేవాళ్ళం. యుద్ధం అయిపోయాక కొన్నాళ్ళకు ఓవర్సీరు పోయాడు. గట్టు మీద ఎండదెబ్బ తగిలిందన్నారు. నేను అప్పుడు డోన్‌లో మా బంధువుల పెళ్ళిలో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. కెమెరా ఆయన ఇంట్లోనే ఉంది, అది ఆయన వారం. కర్మలు ముగిశాక ఒక పొద్దున కల్లూరు పోయాను.

మొదటిసారి ఆ గుమ్మం దాటాను. ఆయన భార్య చాప వేసింది. నన్ను చూసి, "ఫోటోల మేష్టరన్నవా?" అంది. అవునన్నాను. తలెత్తి చూస్తే ఎదురు గోడ మీద పటం. కడప బండల మెట్లు, తెరిచిన తలుపులు, చీకట్లో మా అమ్మ. కొంగు పళ్ళ మధ్య. పటానికి వాడిన చామంతిదండ. నుదుటి మీద, అద్దం పైన, కుంకుమ బొట్టు. కింద దీపపు కుందె, దాని వెనక గోడకు ఎన్నో ఏళ్ళ మసి.

ఆమె నా చూపు చూసింది.

"మా అత్త" అంది. "నేను కాపరానికి రాకముందే పోయింది. నేను సూడలేదన్నా. మా ఇంటాయన బడికి పోయే వయసులోనే పోయిందంట."

"మీ అత్త అని ఆయన చెప్పాడా అమ్మా?"

"చెప్పేదేముండాదన్నా? అది మా కోయిలకుంట్ల ఇంటి వాకిలి. పటం తెచ్చి తగిలిస్తాంటే 'అత్తనా?' అన్యా. నవ్వినాడు. ఆ వాకిట్లో మా అత్త గాక ఇంకెవురు కూచుంటారు? ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు, పడిపోయింది. పండగొచ్చినా పబ్బమొచ్చినా ముందు ఆయమ్మకు చీర పెట్టి, తర్వాతే నేను కట్టుకుంటా."

మళ్ళీ ఆ నవ్వే. అవునన్నాడా, కాదన్నాడా ఆయన? నాకు చెప్పిన అబద్ధాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. మా అమ్మను దొంగిలించాడని గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఎవరూ ఆమెకు ఒక దీపం వెలిగించలేదన్నది కూడా గొంతు దాకా వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. పటాన్ని మేకుకు తగిలించిన దారం ఎర్రగా ఉంది. మొలతాడు దారం. కర్నూలులో ఆ దారం లేని ఇల్లు లేదు. దాన్ని చూసి నేనేమనుకోవాలో నాకు తెలియలేదు.

"అమ్మా, ఈ పటాన్ని ఒకసారి నేను ఫోటో తీసుకోవచ్చా?" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోయింది. "మా అత్త ఫోటో మీకెందుకన్నా? మా ఇంటాయన గురుతుకు కావాలంటే ఆ కాలవ ఫోటోలు ఉండాయి, గోడల ఫోటోలు ఉండాయి. పెట్టెనిండా ఉండాయి, తీసుకపోండి."

నిజం చెప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే మా అమ్మ నాకు వస్తుంది. ఈ ఇంట్లో వాకిలి ఖాళీ అయిపోతుంది. "ఆయన తీసినవాటిల్లో ఇదే బాగుందమ్మా" అన్నాను. అదీ నిజమే, సగం.

"అయితే తీసుకోండి" అని లోపలినుంచి కెమెరా తెచ్చి ఇచ్చింది. నాకని సాయిబు దాచి ఇచ్చిన ప్లేటు సంచిలో తెచ్చుకున్నాను. పటాన్ని దించి, అరుగు మీద వెలుతురులో గోడకు ఆనించాము. ముక్కాలి పీట విప్పి నిలబెట్టి, నల్లగుడ్డ నెత్తిన కప్పుకోబోతున్నాను.

"ఉండన్నా, ఉండు" అంది ఆమె. గబగబా లోపలికి పోయింది. వచ్చేటప్పుడు ఆమె గుప్పిట్లో ఉప్పూ ఎండు మిరపకాయలూ ఉన్నాయి. నన్ను కొంచెం పక్కకు జరగమని, కెమెరా చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. మూడు కాళ్ళూ వదలకుండా, పైనుంచి కిందిదాకా.

"మా అత్త ఇట్లనే దిష్టి తీసేదంట" అంది, తిప్పుతూనే. "మా ఇంటాయన కెమెరా తీసుకుని బయల్దేరినప్పుడల్లా నా చేత ఇట్ల తీయించేవాడు. అది ఒంటికన్నుది గదా అన్నా, ఊర్లో అందుర్నీ జూస్తాది. దానికి తగలకుండా ఉంటాదా?"

పోయి పొయ్యిలో వేసింది. ఘాటు అరుగు దాకా వచ్చింది. ఆమె దగ్గింది. నేను దగ్గాను. నల్లగుడ్డ కప్పుకున్నాను. లోపల గాజు పలక మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా, మా అమ్మ తలకిందులుగా, కొంగు పళ్ళతో పట్టుకుని, ఇంక కానీ అన్నట్టు చూస్తోంది. నా కళ్ళు మండుతున్నాయి, మసకేస్తున్నాయి. మిరపకాయల పొగ అనుకుందామంటే గుడ్డ లోపలికి అంత పొగ రాలేదు.

"ఏమన్నా, కనపడ్తాండాదా మా అత్త?" అంది ఆమె బయటినుంచి.

"కనపడ్తాండాదమ్మా" అన్నాను. "బాగుంది."

ఆ తర్వాత చాలాసేపు నేను గుడ్డ కిందనుంచి బయటికి రాలేదు.